'సైలెంట్ స్ప్రింగ్' - మేము అడగని ప్రశ్న

రేచెల్ కార్సన్ 1962లో ప్రచురించిన 'సైలెంట్ స్ప్రింగ్' పక్షుల గురించిన పుస్తకమని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. మస్కట్‌లో ఒక మిత్రుని ఇంట దొరికితే చదివాం. వైద్యవృత్తిలో ఉన్న మమ్మల్ని కట్టిపడేసింది 14వ అధ్యాయం. పురుగుమందులకూ కాన్సరుకూ గల సంబంధం అందులోని విషయం.

ఆవిడ 1775 నుంచి ఎత్తుకుంటారు. పొగగొట్టాలు తుడిచేవారికి వచ్చే కాన్సరుకు మసి కారణమని పెర్సివల్ పాట్ అనే సర్జన్ గుర్తించిన ఏడు అది. ఈ ఎత్తుగడ భేషుగ్గా ఉంది. తర్వాత, ఇంట్లో డి.డి.టి. కొట్టి రక్తకాన్సరు పాలైనవారి సంగతులు చెబుతారు. ఇక్కడే మాకు పేచీ. కాకి వాలగానే తాటిపండు రాలితే నేరం కాకిదేనా?

అయినా కాలం ఆవిడ అనుమానాన్ని కొట్టివేయలేదు. కాలిఫోర్నియాలో 1959-67 మధ్య బాలింతల రక్తం తీసి దాచారు. 1945లో డి.డి.టి. వాడకంలోకి వచ్చేనాటికి 14 ఏళ్ళు నిండనివారిలో, ఆ మందు రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి రొమ్ముకాన్సరు ముప్పు ఐదు రెట్లని 2007లో తేలింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కాన్సరు పరిశోధన విభాగం లిండేన్ లింఫోమాకు కారకమని నిర్ధారించింది. డి.డి.టి., మలాథియాన్‌లను 'బహుశా' కారకాలంది. ఆ 'బహుశా'ను మరువరాదు.

కార్సన్ తానే రొమ్ముకాన్సరుతో బాధపడుతూ ఈ పుస్తకం రాశారు. అందులో ఆ మాట ఎక్కడా చెప్పుకోలేదు. 1964లో కన్నుమూశారు.

మాకు వెలితిగా తోచినది ఒకటే. పుస్తకం మనసంతా పక్షుల మీదా, తినేవారి మీదా ఉంది. మందు కొట్టే కూలీ మీద అంత లేదు. ఇక్కడ బాతినా తీరపు తోటల్లో పనిచేసేది ఎక్కువగా మన ఉపఖండం వాళ్ళే. అక్కడ గుంటూరు పత్తిచేలలో మూతికి తువ్వాలు చుట్టి, వీపున పంపు మోసినవాళ్ళు మన బంధువులే.

ఆ వెలితి మాలోనూ ఉంది. కిందటేడు ఒక తోటకూలీ మెడలో గడ్డలతో వచ్చాడు. సిగరెట్టు కాలుస్తావా అని అడిగాం. వృత్తి గడిలో 'కూలీ' అని రాశాం. లింఫోమా అని తేలింది. అతను ఊరు వెళ్ళిపోయాడు. ఏ మందు కొట్టావు, ఎన్నేళ్ళు కొట్టావు అని అడిగిన పాపాన పోలేదు. మందే కారణమని మేము అనడం లేదు. అడగలేదంటున్నాం, అంతే.

ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ బాబాయిలనూ మేనమామలనూ అడిగి, వారు కొట్టిన మందుల పేర్లూ, ఏళ్ళూ రాసిపెట్టండి. ఏ డాక్టరూ అడగకపోయినా ఆ కాగితం చూపించండి.