850 మాటల ఆంగ్లము

ఆంగ్లేయ పండితుడగు సి. కె. ఆగ్డెను 1930వ సంవత్సరమున 850 పదములను ఏర్చి కూర్చి, నిత్యవ్యవహారమునకు ఇవి చాలునని ప్రకటించెను. 'బేసిక్ ఇంగ్లీషు' అను ఈ పట్టికను క్రొత్తగా ఆంగ్లము నేర్చువారి చేతికిచ్చువారు నేటికిని కలరు. ఇందు నామములు 600, గుణవాచకములు 150, తక్కినవి 100. ఆ నూటిలో క్రియలు 18 మాత్రమే.

వేలకొలది పదములలో అక్కఱకు వచ్చువానిని ఏఱుట మెచ్చదగినదే. కాని క్రియలు తగ్గినంతమాత్రమున భారము తగ్గినదా? 'గివ్' అనగా ఇచ్చుట, 'అప్' అనగా పైకి. రెండును కలసినచో మానుకొనుట! 'పుట్ అప్ విత్' అనగా సహించుట. తెలుగున చేయియు చేయుటయు ఎఱిగిన పరదేశీయుడు, 'చేయిచేసికొనెను' అనగా కొట్టెనని ఎట్లు ఊహింపగలడు? పట్టికలో ఒకటిగా లెక్కకు వచ్చిన మాట వాడుకలో పది యగుచున్నది. ఇది లెక్కలోని గారడియని మా యభిప్రాయము.

ఇంతకంటె పెద్దలోపము మర్యాద విషయమున నున్నది. మనము 'నీళ్లియ్యండి' అన్నప్పుడు గౌరవము క్రియలోనే యిమిడియున్నది. ఆంగ్లమున నీవు, మీరు రెండును 'యూ' యే. కావున 'ప్లీజ్', 'కెన్ యూ', 'కుడ్ యూ' వంటివి ఆ పని చేయవలెను. పట్టికలో 'ప్లీజ్' కలదు గాని 'కెన్' అను మాటయే లేదు! అమెరికాలో కుమారునింట నున్న తెలుగు ఇల్లాలు ఆసుపత్రిలో 'గివ్ మి వాటర్' అన్నచో వ్యాకరణదోషము లేదు. విన్న నర్సుకు మాత్రము అది ఆజ్ఞవలె తోచును. ఆ ముఖము చూచి ఆమె మరల నోరు మెదపదు. తన బుద్ధియే మందమని తలచును. పట్టికను ఎవ్వరును తప్పుపట్టరు.

తల్లులకు ఆంగ్లము నేర్పు బిడ్డలు పదములను వల్లెవేయించుటకు ముందు, అడుగుటకును, వలదనుటకును, మరల చెప్పుమనుటకును వలయు నిండువాక్యములను నేర్పుదురుగాక.