హతునికి సమీపమైన ఊరు: ఇంట చూచే బ్రిటిష్ నేరచిత్రములు, చరిత్ర డాక్యుమెంటరీలపై ఒక పరిశీలన

వెంగళరావు నగర్ ప్రాంతములో సంఘకాపరికి సినిమా సంగతి ఎత్తకుండా రోజు గడవదు. ఒక ప్రక్క అమీర్‌పేటలోని సారథి స్టూడియో, మరొక ప్రక్క జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. లైట్లు మోసేవారు, ఎడిటింగ్ గదులలో పనిచేసేవారు, డబ్బింగ్ చెప్పేవారు ఆదివారము ఆరాధనకు వచ్చి మన ఎదుట కూర్చుంటారు. సినిమా అంతా పాపమని ఒక్క మాటలో తేల్చివేయుట వారి ఎదుట సులభము కాదు, న్యాయమూ కాదు. అయితే ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచినది తెలుగు సినిమాను కాదు. చదువుకొన్న క్రైస్తవ గృహములలో మంచి పేరు సంపాదించుకొన్న మరొక రకమును. అవి పాత బ్రిటిష్ నేరచిత్రములు, వాటితోపాటు రెండవ ప్రపంచయుద్ధము మొదలైన విషయములపై ఆ దేశమువారు తీసిన డాక్యుమెంటరీలు. ఒకప్పుడు వీడియో క్యాసెట్లుగా, తరువాత డీవీడీలుగా, ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా ఇవి ఇంటికి వస్తున్నాయి. వీటిలో అసభ్యత లేదు, డ్యాన్సులు లేవు, నెత్తురు తక్కువ, భాష మర్యాదగా ఉంటుంది. కనుక ఇవి శుభ్రమైన చిత్రములని, పిల్లలతో కూర్చొని చూడదగినవని మన విశ్వాసులు అంటారు. ఈ "శుభ్రము" అను మాట దగ్గరనే మాకు అభ్యంతరము ఉంది.

డిటెక్టివ్ కథ ఇచ్చే శుభ్రత ఎటువంటిదో తెలుగు పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ను చదివి పెరిగిన తరము మనది. ఒక ఇంటిలో హత్య జరుగుతుంది. అందరిమీదా అనుమానము వస్తుంది. చివరకు డిటెక్టివ్ ఒకరివైపు వ్రేలు చూపుతాడు. ఆ క్షణములో మిగిలినవారందరూ నిర్దోషులైపోతారు, చదువరితో సహా. ఒప్పుకోలు లేకుండా, పశ్చాత్తాపము లేకుండా పాపక్షమాపణ వంటిది ఒకటి అందరికీ పంచబడుతుంది. పుస్తకము మూసి హాయిగా నిద్రపోవచ్చు. చాలా బ్రిటిష్ చిత్రములు కూడ ఇదే పని చేస్తాయి, వాటిని గూర్చి ఇక్కడ వ్రాయుట కాలహరణము. ఉత్తమమైనవి కొన్ని మాత్రము ఆ నిద్రను పాడుచేస్తాయి. ఎలా పాడుచేస్తాయో గ్రహించుటకు ధర్మశాస్త్రములోని ఒక వాక్యభాగము మాకు సహాయపడింది.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములోని మొదటి తొమ్మిది వచనములపై మన ప్రసంగములు అరుదు. పొలములో ఒక హతుడు పడియున్నాడు, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి ఆ శవము నుండి చుట్టునున్న పురములకు దూరము కొలవవలెను. ఏ ఊరు సమీపమో ఆ ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను ఏటి లోయకు తీసికొనిపోయి దాని మెడ విరుగదీయవలెను. లేవీయులైన యాజకులు దగ్గరకు రావలెను. పెద్దలు చేతులు కడుగుకొని, తాము ఈ రక్తము చిందించలేదని, చూడలేదని ప్రకటించి, దేవుని క్షమాపణ వేడుకొనవలెను. ఇక్కడ మనకు వింతగా తోచేది కొలత. హంతకుడు ఆ ఊరివాడని ఎవరూ అనలేదు. అయినను సామీప్యమే ఒక బాధ్యత. మిష్నాలోని సోటా గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో రబ్బీలు ఇదే ప్రశ్న వేసికొన్నారు. ఊరి పెద్దలు రక్తము చిందించారని ఎవరైనా అనుకొంటారా? కాదు. ఆ మనుష్యుడు మన యొద్దకు వచ్చినప్పుడు మనము అతనికి భోజనము పెట్టకుండా పంపలేదని, తోడు లేకుండా విడువలేదని వారు చెప్పవలసియున్నది అని వారి వివరణ. కొలత శవము నాభి నుండి మొదలు పెట్టవలెనా, ముక్కు నుండియా అని కూడ వారు వాదించుకొన్నారు. ఇది చాదస్తముగా కనబడవచ్చు. కాని చనిపోయినవాని శరీరము దగ్గర నిలబడకుండా అటువంటి వాదన చేయలేము. హంతకులు ఎక్కువైన కాలములో ఈ ఆచారము ఆగిపోయినదని అదే అధ్యాయము చెప్పుట మరొక విచారకరమైన సంగతి.

ఈ కొలతబద్దతో 1949లో వచ్చిన "ది థర్డ్ మ్యాన్" చూడండి. దర్శకుడు కరోల్ రీడ్, కథ గ్రాహమ్ గ్రీన్. యుద్ధానంతరము నాలుగు రాజ్యములు పంచుకొన్న వియన్నా నగరములో హ్యారీ లైమ్ అనేవాడు పెన్సిలిన్ దొంగిలించి, పలుచన చేసి అమ్ముతాడు. అతని పాత స్నేహితుడు అతనిని ప్రాటర్ ఉద్యానములోని జెయింట్ వీల్‌లో కలుసుకొంటాడు. పైకి వెళ్ళిన తరువాత లైమ్ తలుపు తెరిచి క్రింద చుక్కలవలె కదలుతున్న మనుష్యులను చూపి, వాటిలో ఒక చుక్క ఆగిపోతే నీకు నిజముగా బాధ కలుగునా అనే అర్థములో అడుగుతాడు. ప్రేక్షకులలో చాలామంది ఆ తరువాత అతడు చెప్పే చమత్కారమునే జ్ఞాపకము పెట్టుకొంటారు. మా దృష్టిలో ఆ చిత్రమునకు ప్రాణము ఈ ఎత్తు. పాపమునకు ముందు దూరము కావలెను. దీనికి జవాబుగా దర్శకుడు ఆ స్నేహితుని పిల్లల ఆసుపత్రికి తీసికొనిపోతాడు. అక్కడ పిల్లలను మనకు చూపడు. మంచముల ప్రక్కన నిలబడి చూచేవారి ముఖములను మాత్రమే చూపుతాడు. అంటే మనలను పైనుండి క్రిందికి దించి, శవము దగ్గర నిలబెట్టి, కొలవమంటున్నాడు. ఇంత సభ్యమైన చిత్రము ఇంత కఠినముగా ఉండగలదని మన గృహములలో ఎందరు గమనించారో!

రెండవది "10 రిల్లింగ్టన్ ప్లేస్," 1971. ఇది నిజముగా జరిగినది. లండన్‌లోని నాటింగ్ హిల్‌లో ఒక ఇరుకైన ఇల్లు. పై అంతస్తులో సరిగా చదువురాని వేల్స్ యువకుడు టిమొతీ ఎవాన్స్, భార్య, పసిబిడ్డ. క్రింద జాన్ క్రిస్టీ. యుద్ధకాలములో తాత్కాలిక కానిస్టేబుల్‌గా పనిచేసినవాడు, మెల్లగా మాట్లాడేవాడు. 1949లో ఎవాన్స్ భార్య, బిడ్డ హతులయ్యారు. బిడ్డను చంపాడన్న నేరముపై ఎవాన్స్‌ను 1950 మార్చి 9న ఉరితీశారు. అతనికి వ్యతిరేకముగా ముఖ్యసాక్షి క్రిస్టీ. మూడేళ్ళ తరువాత ఆ ఇంటిలో మరిన్ని శవములు బయటపడినప్పుడు గాని క్రిస్టీ ఎవడో లోకమునకు తెలియలేదు. 1953లో అతనినీ ఉరితీశారు. ఎవాన్స్‌కు 1966లో, చనిపోయిన పదహారేళ్ళకు, రాజక్షమాభిక్ష వచ్చింది. ఈలోగా 1965లో బ్రిటన్ హత్యకు ఉరిశిక్షను నిలిపివేసి, 1969లో దానిని స్థిరపరచింది. ఆ మార్పు వెనుక ఈ కేసు కూడ ఒకటి.

ఎవాన్స్ గది నుండి క్రిస్టీ గదికి కొలవవలసినది కొన్ని మెట్లు. పోలీసులు ఆ మెట్లు ఎక్కారు, దిగారు. పెరటిలో కంచెకు ఆనించిన మనిషి తొడ ఎముకను కూడ దాటిపోయారు. వారిని త్రప్పించినది దూరము కాదు. ఎవరి మాట నమ్మదగినది, ఎవరిది కాదు అన్న నిర్ణయము ముందే జరిగిపోయింది. కళ్ళజోడు పెట్టుకొన్న మాజీ కానిస్టేబుల్ మాట ఒకవైపు, పేరు తప్ప వ్రాయలేని కూలివాని మాట మరొకవైపు. ఎవాన్స్ పోలీసుల ఎదుట ఒకటికి మించి కథలు చెప్పాడు, ఒప్పుకోలు కూడ చేశాడు. ఒప్పుకోలునకు ఇంత విలువనిచ్చే మనము, భయములోనుండి వచ్చే ఒప్పుకోలు ఎటువంటిదో ఆలోచించుటకు ఈ చిత్రము ఒక్కటే చాలును.

క్రిస్టీగా నటించినది రిచర్డ్ అటెన్‌బరో. "గాంధీ" చిత్రమును 1982లో తీసిన ఆయనే. మన ఇళ్ళలో ఆయన పేరు తెలిసినది ఆ చిత్రము వలననే. కాని పాతికేళ్ళ వయస్సులోపు ఆయన "బ్రైటన్ రాక్" (1947)లో పింకీ అనే కుర్ర హంతకుడు. ఆ చిత్రము ముగింపును గూర్చి ఇక్కడ ఒక మాట. పింకీ తన భార్యయైన అమాయకురాలి కోసము ఒక గ్రామఫోను రికార్డులో ద్వేషముతో నిండిన మాటలు చెప్పి ఉంచుతాడు. గ్రీన్ నవలలో ఆమె ఆ రికార్డు వినుటకు ఇంటికి బయలుదేరుతుండగా కథ ఆగుతుంది. సినిమాలోనైతే రికార్డు గీత పడి, ప్రేమిస్తున్నానన్న మొదటి మాట దగ్గరనే తిరుగుతూ ఉంటుంది. ఆమె సంతోషిస్తుంది, కెమెరా సిలువ వైపు జరుగుతుంది. కొందరు దీనిని కృప అంటారు. మేము ఒప్పుకోలేము. పూర్తిగా విననివ్వకుండా ఇచ్చే ఓదార్పు అది. మనము సమాధానమును గూర్చి చేసే ప్రసంగములలో కూడ రికార్డు తరచుగా ఇదే చోట ఇరుక్కుంటుంది.

డాక్యుమెంటరీల సంగతికి వస్తే, టెలివిజన్‌లో 1973-74లో 26 భాగములుగా వచ్చిన "ది వరల్డ్ ఎట్ వార్" చాలామందికి తెలిసినదే. లారెన్స్ ఒలీవియర్ కంఠము, సాక్షుల ముఖములు. అది గొప్ప పని. కాని మా విషయమునకు అంతకంటె సూటియైనది మరొకటి ఉంది. 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యము బెర్గెన్-బెల్సెన్ శిబిరమును విడిపించినప్పుడు సైనిక ఛాయాగ్రాహకులు తీసిన దృశ్యములతో సిడ్నీ బెర్న్‌స్టీన్ ఒక చిత్రము తయారుచేయ పూనుకొన్నాడు. సలహాదారుగా ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్‌ను పిలిపించాడు. నేరచిత్రములలో ఆరితేరినవాడు ఇచ్చిన సలహాలు రెండు జ్ఞాపకముంచుకొనదగినవి. ఒకటి, దృశ్యములను ముక్కలుగా కత్తిరించక పొడవుగా ఉంచవలెను, శవములను, వాటి ఎదుట నిలబెట్టిన స్థానిక పెద్దలను ఒకే చూపులో చూపవలెను, ఇదంతా కల్పన అని ఎవరూ అనకుండా. రెండు, శిబిరములు మామూలు జనము నివసించే ఊళ్ళకు ఎంత దగ్గరగా ఉన్నవో పటములు గీసి చూపవలెను.

హిచ్‌కాక్ మోషే ధర్మశాస్త్రమును తలంచుకొని ఈ మాట చెప్పాడని మేము అనుట లేదు. కాని హతుని నుండి చుట్టునున్న ఊళ్ళకు కొలత వేసినది ఆ పటము. ఆ ఊళ్ళలో గుడిగంటలు మ్రోగుతూనే ఉన్నవి, మన విశ్వాసపు మనుష్యులే ఉన్నారు. 1945 సెప్టెంబరు నాటికి రాజకీయ కారణములచేత ఆ పని ప్రక్కన పెట్టబడింది. అసంపూర్ణ ప్రతి 1984లో బెర్లిన్ చలనచిత్రోత్సవములో చూపబడింది. ఇంపీరియల్ వార్ మ్యూజియం దానిని పూర్తిచేసి 2014లో విడుదల చేసింది. కొలత పూర్తియగుటకు దాదాపు 70 ఏళ్ళు పట్టింది. ఇక్కడ బ్రిటిష్‌వారికి కూడ ఒక మాట చెప్పక తప్పదు. వారి ఏలుబడిలోనే 1943లో బెంగాల్ కరువులో 30 లక్షల వరకు జనము మరణించారని అంచనా. ఆ శవముల నుండి లండన్‌కు కొలత వేయుటకు ఏ మంత్రిత్వశాఖయు హిచ్‌కాక్‌ను పిలిపించలేదు. ఈ చిత్రములను చూచి ఆ దేశము న్యాయబుద్ధికి మురిసిపోయే మనవారు దీనిని కూడ ప్రక్కన పెట్టుకొని చూడవలెను.

మరి మన సంగతి? హైదరాబాదులో 1984లో జరిగిన మత కలహములపై దీపా ధన్‌రాజ్ 1986లో "క్యా హువా ఇస్ షహర్ కో?" అనే డాక్యుమెంటరీ తీశారు. పాతబస్తీ నుండి వెంగళరావు నగర్‌కు సుమారు పది కిలోమీటర్లు. బెల్సెన్‌ను చూచిన మన ఇళ్ళలో దీనిని చూచినవారు మాకు దొరకలేదు. దూరదేశపు శవము చరిత్ర, దగ్గరి శవము రాజకీయము అనుకొనుట మనకు అలవాటైంది.

ఇంకా దగ్గరిది చుండూరు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ గ్రామములో ఎనిమిదిమంది దళితులు చంపబడ్డారు. శవములలో కొన్నింటిని గోనెసంచులలో కుక్కి కాలువలో వేశారు. హతులను పాతిపెట్టిన చోటును రక్తక్షేత్రమని పిలుస్తారు. మత్తయి సువార్త 27వ అధ్యాయము చదివినవారికి ఆ పేరు ఊరకే వినబడదు. విచారణకు ఆ గ్రామములోనే ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడింది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు, నేరము సందేహాతీతముగా నిరూపింపబడలేదని శిక్షలన్నింటినీ కొట్టివేసింది. దానిపై సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్ళింది. ఎవరు చంపారన్నది న్యాయస్థానముల పని, మేము దానిలో చేయి పెట్టము. కాని హైకోర్టు మాట ప్రకారమే చూచినను, పొలములో హతులు ఉన్నారు, చంపినవాడెవడో తేలలేదు. ద్వితీయోపదేశకాండము మాటలాడేది సరిగా ఈ స్థితిని గూర్చియే. హంతకుడు తేలనప్పుడు పని ముగిసిపోదు, కొలత అప్పుడే మొదలవుతుంది. చుట్టునున్న ఊళ్ళలో సంఘములు ఉన్నవి. వాటిలో ఉభయ పక్షముల బంధువులూ ఉన్నారు. ఏ సంఘ పెద్దలు కొలతాడు పట్టుకొని లోయకు దిగారు?

దీనికి ఒక అభ్యంతరము రావచ్చు. క్రీస్తు రక్తము హేబెలు రక్తముకంటె శ్రేష్ఠముగా పలుకుచున్నదని హెబ్రీ పత్రిక చెప్పగా, పెయ్య ఆచారము మనకెందుకు అని. ఆచారము నిజముగా నెరవేరింది, దానిలో వివాదము లేదు. అయితే నెరవేరినది ప్రాయశ్చిత్తము, కొలత రద్దు కాలేదు. చేతులు కడుగుకొన్నవారు లేఖనములో ఇద్దరు కనిపిస్తారు. ద్వితీయోపదేశకాండములోని పెద్దలు కొలిచిన తరువాత, శవము ఎదుట, క్షమాపణ వేడుకొంటూ కడుగుకొన్నారు. పిలాతు ఏమియు కొలవకుండా, తీర్పు తన చేతిలో ఉండగానే, జనము ఎదుట కడుగుకొన్నాడు. మన ఇళ్ళలో సోఫాలో కూర్చొని చూచే శుభ్రమైన చిత్రము ఈ రెండిటిలో ఏ నీళ్ళు అందిస్తున్నదన్నదే మా ప్రశ్న. థియేటరులో కనీసము ప్రక్కవాడు ఏడిస్తే వినబడేది. ఇంటిలో బాధ కలిగించే చోట రిమోట్ మన చేతిలో ఉంటుంది.

గృహకూటములలో ఈ చిత్రములను వాడదలచిన కాపరులకు కొన్ని సూచనలు. "ది థర్డ్ మ్యాన్"తో మొదలుపెట్టుట మేలు. తెలుగు ఉపశీర్షికలు లేవు కనుక మధ్యలో ఆపి కథ చెప్పగలవారు ఒకరు ఉండవలెను. ఆసుపత్రి ఘట్టము వద్ద మాత్రము ఆపవద్దు. "10 రిల్లింగ్టన్ ప్లేస్" పెద్దలకే. పిల్లలున్న ఇంట వద్దు, ఎంత మర్యాదగా తీసినను అది భయంకరమైనది. బెల్సెన్ చిత్రమును ఎవరూ ఒంటరిగా చూడరాదు. చూచిన రాత్రియే చర్చ పెట్టక, వారము తరువాత కూడుకొని, చుండూరు ప్రాంతపు పటము ఒకటి బల్లపై పరచి మాటలాడుకొనవచ్చు.