ఊరి వెబ్‌సైటు: ఎవరి ఊరు?

గ్రామాన్ని ఆదర్శంగా చూపే వాదాన్ని అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే తోసిపుచ్చారు. ఊరికి వెబ్‌సైటు పెట్టేవాళ్లు చాలామంది ఆ పాత బొమ్మనే మళ్లీ అతికిస్తున్నారు: గుడి, చెరువు, దాతల ఫోటోలు. మరి మాలవాడ, మాదిగవాడ ఏవి? వాడ నుంచి ఒకర్ని ఫోటోకి నిలబెడితే సరిపోదంటున్నాం మేం. డొమైను ఎవరి పేర ఉంది? ఏటా రెన్యువల్ ఎవరు కడతారు? పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంది? పెత్తనమంతా అక్కడే ఉంది.

జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టిన సంఘం రేడియోలో రికార్డింగూ ఎడిటింగూ దళిత స్త్రీలే చేశారు. చదువు రాదన్న సాకు అక్కడే తేలిపోయింది. కూలి రేటు, మంచినీళ్లు, శ్మశానం దారి గురించి వాడవాళ్లే ఎవర్నీ అడక్కుండా ఎక్కించగలిగిన రోజున అది ఊరి వెబ్‌సైటు. అందాకా కొందరి ఇంటి ఆల్బమే.