పొయ్యిలో కాళ్లు పెట్టిన మోహిని

హిమాయత్‌నగర్‌లో లిబర్టీ టాకీసు పోయింది, చౌరస్తాకు పేరు మిగిలింది. ఇక్కణ్ణుంచి ఒక పక్కకు వెళ్తే అబిడ్స్, ఇంకో పక్కకు వెళ్తే నారాయణగూడ. ఇంగ్లీషు సినిమాకి ఒక దారి, తెలుగు సినిమాకి ఇంకో దారి. డ్రాక్యులా బొమ్మంటే చెవి కోసుకునేవాళ్లు జానపద సినిమాల దర్శకుడు విఠలాచార్య పేరు చెబితే నవ్వేసేవారు. నిజానికి 1970లలో ఆ రెండు దారుల్లోనూ నడిచింది ఒకే సరుకు: భయంలో కలిపిన కోరిక.

యూరప్‌లో అప్పుడే సెన్సారు పట్టు సడలింది. హేమర్ సంస్థ 1970లో ‘ది వాంపైర్ లవర్స్’ తీసింది. 1872 నాటి ‘కార్మిలా’ కథ దానికి ఆధారం. ఫ్రాన్స్‌లో దర్శకుడు జాఁ రోలాఁ డబ్బుల్లేక పాడుబడ్డ కోటల్లో, సముద్రపు ఒడ్డున షూటింగులు చేసుకున్నాడు. 1971లో వచ్చిన ఒక సినిమాలో ఆయన రక్తపిశాచి అర్ధరాత్రి గోడగడియారంలోంచి బయటికొస్తుంది. అదే ఏడు బెల్జియం దర్శకుడు హ్యారీ క్యూమెల్ ‘డాటర్స్ ఆఫ్ డార్క్‌నెస్’లో సీను ముగిసినప్పుడు తెరని నల్లగా కాక ఎర్రగా ముంచేశాడు. వీళ్లెవరికీ తొందర లేదు. ఆడది మెట్లు దిగితే ఆ దిగడమే సీను.

మన దగ్గర అప్పట్లో ముద్దుకే దిక్కులేదు. సినిమాకి ముందస్తు సెన్సారు సబబేనని కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు 1970లోనే తేల్చేసింది. మరి కోరికను ఎక్కడ పెట్టాలి? విఠలాచార్య వంటింట్లో పెట్టాడు.

1978 నాటి ‘జగన్మోహిని’ కథ మరిచిపోయినవాళ్లకు కూడా ఆ పొయ్యి గుర్తుంటుంది. కట్టెలుండాల్సిన చోట దయ్యం తన కాళ్లే చాపుతుంది. మంట భగ్గుమంటుంది, వంట సాగిపోతుంది, ముఖంలో మాత్రం ఏ బాధా ఉండదు, రోజూ చేసే పనే అన్నట్టు. పిల్లలు జడుసుకున్నారు, పెద్దలు నవ్వుకున్నారు. రోలాఁ గడియారానికి ఇది ఏ మాత్రం తీసిపోదు. పైగా కోటలో దయ్యం కనిపిస్తే వింతేముంది, కోడలి పీట మీద కూర్చుంటేనే గుండె జారుతుంది.

ఈ మాయలకు పనిముట్లు తక్కువ. కెమెరాని కదలకుండా బిగిస్తారు. నటి ఉన్నచోటే బిగుసుకుపోతుంది, కెమెరా ఆపుతారు, ఆమెను తప్పించి అస్థిపంజరాన్ని నిలబెడతారు, మళ్లీ తిప్పుతారు. వెనకనున్న కుండ వెంట్రుకవాసి జరిగినా దొంగతనం బయటపడుతుంది. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీస్తే మనిషిలోంచి గోడ కనిపిస్తుంది. వెనక్కి తిప్పితే పొగ కూడా మళ్లీ కుండలోకి దూరుతుంది. ఇవన్నీ సినిమా పుట్టినప్పటి విద్యలే. ఆ అతుకు దగ్గర కనిపించే చిన్న కుదుపంటే నాకు ఇష్టం, చేసిన చెయ్యి తెలుస్తుంది.

ఇక ఆ దయ్యంగా వేసిన జయమాలిని. మిగతా సినిమాల్లో ఆమెకు ఒక పాట, నాలుగు ఈలలు, అంతే. ఇక్కడ సినిమా పేరే ఆమెది. మోసపోయిన ఆడపిల్ల ప్రేతమై, మోసగాణ్ణి మరుజన్మలోనూ వెతుక్కుంటూ వస్తుంది. నరసింహరాజు పేరుకి హీరో, భార్యగా ప్రభ భక్తితో పోరాడుతుంది. చివరికి పాతివ్రత్యమే గెలవాలి కాబట్టి గెలుస్తుంది. ఆ గెలుపు నాకెప్పుడూ చప్పగానే అనిపించింది. న్యాయం దయ్యం పక్షాన ఉందని సినిమా మొత్తం చెబుతూనే ఉంది కదా! యూరప్ దర్శకులు ఈ విషయంలో కాస్త ధైర్యవంతులు. కానీ వాళ్ల కెమెరా ఆడవాళ్ల ఒంటి మీద నుంచి కదలడానికి పడే బద్ధకం చూస్తే, మనవాళ్లను మాత్రమే తిట్టడం అన్యాయం. జయమాలిని కనీసం కళ్లలోకి సూటిగా చూస్తుంది, ఆ చూపుకి మగాడే తల దించుకుంటాడు.

ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగువాళ్ల చేత ‘జానపద బ్రహ్మ’ అనిపించుకున్న విఠలాచార్య 1999లో పోయారు. ఆయన సినిమాల్ని ఫోన్‌లో, రంగు వెలిసిన కాపీల్లో చూసి నవ్వుకోవడం తేలిక. మసక బొమ్మలో ఏది మాయో, ఏది మరకో ఎలా తెలుస్తుంది? పుణెలో 1964 నుంచీ జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. పాత జానపద చిత్రాల రీళ్లు ఎవరి గోదాములో ఉన్నా, వానాకాలం చెమ్మకు వదిలేయకుండా దయచేసి అక్కడికి చేర్చండి.