మార్తా ఎడమ పాదం

మహిళా ఫుట్‌బాల్‌లో మార్తా వియెరా ద సిల్వా స్థానాన్ని పతకాలతో తూచబోయినవారికి లెక్క ఎన్నటికీ కుదరదు. 2003 నుంచి 2023 దాకా ఆరు ప్రపంచకప్‌లు ఆడి ఒక్కసారి కూడా కప్పు అందుకోని, 2004 ఏథెన్స్ నుంచి 2024 పారిస్ దాకా ఆరు ఒలింపిక్స్‌లో బరిలోకి దిగి మూడు రజతాలతో సరిపెట్టుకున్న ఈ బ్రెజిల్ క్రీడాకారిణిని ఫిఫా ఆరుసార్లు ప్రపంచంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. వాటిలో ఐదు 2006 నుంచి 2010 వరకు వరసగా వచ్చినవి, ఆరవది ఎనిమిదేళ్ళ ఎడం తరవాత 2018లో వచ్చింది. కప్పు గెలవని మనిషికి ఇన్నిసార్లు పట్టం కట్టవలసి వచ్చిందంటే, ఆ పాదంలో ఉన్నది గెలుపోటముల పట్టికకు లొంగని విద్య అని ఒప్పుకోక తప్పదు. ఆ విద్యను విప్పి చూస్తే తప్ప ఆమె అంతర్జాతీయ జీవితం అర్థం కాదు.

ఆ విద్యకు మూలం డ్రిబ్లింగ్, అంటే బంతిని చిన్న చిన్న తాకుళ్ళతో పాదానికి దగ్గరగా ఉంచుకుంటూ ప్రత్యర్థిని దాటిపోవడం. ఈ పని అందరూ చేస్తారు, కానీ చాలామంది వేగం మీద ఆధారపడి దాటుతారు, మార్తా మాత్రం అనుమానం పుట్టించి దాటుతుంది. పరుగులో ఉండగా ఆమె ఎడమ పాదం వెలుపలి అంచు దాదాపు ప్రతి అడుగులోనూ బంతిని తాకుతూనే ఉంటుంది కనుక, ఏ తాకుడు మామూలుదో, ఏ తాకుడు దిశ మార్చేదో డిఫెండరుకు ముందుగా తెలిసే అవకాశం లేదు. పైగా భుజం ఒక పక్కకు వాలుతుంది, నడుము రెండో పక్కకు తిరుగుతుంది, బంతి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. భుజాన్ని నమ్మి బరువంతా ఆ కాలి మీద వేసిన డిఫెండరు తప్పు తెలుసుకుని తిరిగేలోపు ఆమె వెళ్ళిపోయి ఉంటుంది. కూతకు వెళ్ళిన కబడ్డీ ఆటగాడు ఒక కాలు చాపి, పట్టుకునేవాళ్ళను అటు లాగి, ఇటు గీత దాటే తీరుకు ఇది దగ్గరి చుట్టం. కపోయిరా అనే బ్రెజిల్ యుద్ధవిద్యలో శరీరం ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూ ఉండే మూలపు అడుగును జింగా అంటారు. ఆ దేశపు ఫుట్‌బాల్‌లోని ఈ ఊపుకు కూడా అభిమానులు అదే పేరు పెట్టుకున్నారు.

ఆ విద్య అంతా ఒకేచోట కనిపించే సందర్భం ఏదని అడిగితే, 2007 సెప్టెంబర్ 27న చైనాలోని హాంగ్‌ఝౌలో అమెరికాతో జరిగిన ప్రపంచకప్ సెమీఫైనల్లో 79వ నిమిషాన్ని చూపించాలి. అప్పటికే బ్రెజిల్ మూడు గోల్స్ ఆధిక్యంలో ఉంది, అమెరికా జట్టులో ఒకరు రెడ్‌కార్డుతో బయటికి వెళ్ళారు, కనుక ఆ గోల్ అవసరమే లేదు. అవసరం లేకుండా పుట్టింది గనకనే అందులోని కళ స్వచ్ఛంగా కనిపిస్తుంది. పెనాల్టీ బాక్స్ ఎడమ అంచు దగ్గర, గోల్‌కు వీపు చేసి నిలుచున్న మార్తాకు బంతి అందినప్పుడు అమెరికా డిఫెండరు టీనా ఎల్లర్ట్‌సన్ ఆమె వీపును అంటిపెట్టుకునే ఉంది. మార్తా వెనుదిరగకుండానే బంతిని ఎల్లర్ట్‌సన్‌కు ఒక పక్కగా తోసి, తాను రెండో పక్కనుంచి గిరుక్కున తిరిగి, ఆమె వెనక మళ్ళీ బంతిని కలుసుకుంది. బంతి ఒక వంపు, మనిషి మరో వంపు తీసి డిఫెండరుకు అవతల కలిసే ఈ ఎత్తును బ్రెజిల్‌లో మేయా లువా, అంటే అర్ధచంద్రం, అంటారు. అక్కడితో ఆగక, అడ్డం వచ్చిన క్యాట్ వైట్‌హిల్‌ను లోపలికి కోసుకుంటూ దాటి, గోల్‌కీపర్ బ్రయానా స్కరీకి అందకుండా బంతిని వలలోకి కొట్టింది. మ్యాచ్ 4–0తో ముగిసింది, 51 మ్యాచ్‌ల పాటు ఓటమి ఎరుగని అమెరికా పరుగు అక్కడ తెగింది. ఆ టోర్నీలో ఏడు గోల్స్‌తో గోల్డెన్ బూట్, ఉత్తమ క్రీడాకారిణికిచ్చే గోల్డెన్ బాల్ రెండూ మార్తావే.

ఇదొక్కటే ఆమె గొప్పతనం అనుకుంటే మిగతావాటికి అన్యాయం చేసినట్టే. 2011లో డ్రెస్డెన్‌లో అదే అమెరికాతో జరిగిన క్వార్టర్‌ఫైనల్ అదనపు సమయంలో, ఎడమవైపు నుంచి వచ్చిన క్రాస్‌ను, అంటే పక్క నుంచి బాక్స్‌లోకి పంపిన బంతిని, బలం ఉపయోగించకుండా పాదంతో అలా తాకి, గోల్‌కీపర్ హోప్ సోలోకు అందని దారిలో దూరపు పోస్టు వైపు పంపిన గోల్‌లో ఉన్నదంతా సున్నితత్వమే. 38వ ఏట, 2024 నవంబర్‌లో, ఒర్లాండో ప్రైడ్ తరఫున కాన్సస్ సిటీతో అమెరికా లీగ్ సెమీఫైనల్లో డిఫెండర్లను ఒకరి తరవాత ఒకరిని పడగొట్టుకుంటూ పరుగెత్తి కొట్టిన గోల్, వయసు వేగాన్ని తీసుకుపోగలదు గాని వంచనను తీసుకుపోలేదని రుజువు చేసింది. 2025 ఆగస్టు 2న, సముద్రమట్టానికి 2,800 మీటర్లకు పైన ఉన్న కీటో నగరంలో కొలంబియాతో కోపా అమెరికా ఫైనల్ ఆడినప్పుడు ఆమెకు 39 ఏళ్ళు. 82వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి, ఇంజురీ టైమ్ ఆఖరి క్షణాల్లో బాక్స్ బయటి నుంచి కొట్టి స్కోరు సమం చేసింది, అదనపు సమయంలో మరొకటి కొట్టింది. మ్యాచ్ 4–4తో నిలిచి, పెనాల్టీల్లో బ్రెజిల్ గెలిచింది. మహిళల్లో ఉత్తమ గోల్‌కు ఫిఫా 2024లో కొత్త బహుమతి పెట్టి దానికి మార్తా పేరే పెడితే, మొదటి ఏడాది ఆ బహుమతిని కూడా ఆమే పట్టుకుపోయింది.

2019లో ఇటలీపై కొట్టిన పెనాల్టీతో ఆమె ప్రపంచకప్ గోల్స్ 17కు చేరి, పురుషుల్లో అప్పటికి రికార్డుగా ఉన్న మిరొస్లావ్ క్లోజా 16ను దాటాయి. వాటిలో పెనాల్టీలు ఎక్కువ కదా అని ముక్కు విరిచేవారు ఎప్పుడూ ఉంటారు. 2007 ఫైనల్లో జర్మనీ గోల్‌కీపర్ నదీన్ ఆంగెరర్ ఆమె పెనాల్టీని ఆపడం, బ్రెజిల్ 0–2తో ఓడడం అబద్ధమేమీ కాదు. అయితే గెలిపించవలసిన భారమంతా ఒక్క పాదం మీద పడినప్పుడు ఆ పాదం ఎప్పుడో ఒకసారి తడబడిందని ఎత్తిచూపడం విమర్శ అనిపించుకోదు. బ్రెజిల్ పురుషుల్లో పెలే 77 గోల్స్, నెయ్‌మార్ 79 గోల్స్ దేశానికి కొట్టి దేవుళ్ళయితే, వంద దాటి కొట్టిన స్త్రీని పెనాల్టీలు తీసేసి లెక్కించమనడంలోనే చూసే కళ్ళ దోషం కనిపిస్తుంది.

ఈ విద్య ఆమెతో మొదలు కాలేదు. బ్రెజిల్‌లో స్త్రీలు ఫుట్‌బాల్ ఆడకుండా 1941లో పెట్టిన నిషేధం 1979 దాకా నిలిచింది; ఆ నిషేధకాలంలోనే, 1978లో పుట్టిన ఫోర్మిగా ఏడు ప్రపంచకప్‌లు, ఏడు ఒలింపిక్స్ ఆడి దానికి తగిన జవాబు చెప్పింది. 1999 ప్రపంచకప్‌లో ఏడు గోల్స్ కొట్టి చైనా క్రీడాకారిణి సున్ వెన్‌తో కలిసి అగ్రస్థానంలో నిలిచిన బ్రెజిల్ క్రీడాకారిణి సీసీ, నైజీరియాపై ఫ్రీకిక్‌తో కొట్టిన గోల్డెన్ గోల్‌ను, అంటే అదనపు సమయంలో పడగానే మ్యాచ్‌ను ముగించే గోల్‌ను, చూసినవారు ఎడమ పాదపు వారసత్వం ఎక్కడినుంచి వచ్చిందో ఇట్టే చెబుతారు. ఇక ఈశాన్య బ్రెజిల్‌లోని అలగోవాస్ రాష్ట్రంలో దోయిస్ రియాషోస్ అనే చిన్న ఊళ్ళో 1986లో పుట్టిన మార్తా, ప్లాస్టిక్ సంచులు ఉండచుట్టి బంతి చేసుకుని మగపిల్లలతో ఆడేదని చెబుతారు. 14వ ఏట బస్సెక్కి రియో ద జనీరో చేరి వాస్కో ద గామా క్లబ్బులో పడింది, 18వ ఏట స్వీడన్‌లోని ఊమియో క్లబ్బుకు వెళ్ళి అదే ఏడాది యూరప్ కప్పు అందుకుంది.

ఇంతటి విద్యకు పోషకులు చేసిన మర్యాద తలచుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. 2009లో ఆమె ఆడిన అమెరికా క్లబ్బు లాస్ ఏంజెలెస్ సోల్, లీగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచి కూడా మరుసటి ఏడాది మొదట్లోనే మూతపడింది. 2010లో ఆమె ఆడిన గోల్డ్ ప్రైడ్ టైటిల్ గెలిచి మూతపడింది. 2011లో వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్ టైటిల్ గెలిచింది, మరుసటి ఏడాది ఆ లీగే ఎత్తిపోయింది. స్వీడన్‌లోని టీరెసో 2014లో చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వచ్చి, ఆమె రెండు గోల్స్ కొట్టినా 3–4తో ఓడి, ఆ వెంటనే దివాలా తీసింది. ఇక పెలే ఆడిన శాంటోస్, ఆమెతో కలిసి 2009లో మహిళల కోపా లిబర్టడోరెస్ గెలిచిన జట్టును 2012లో ఖర్చు తగ్గించుకునే పేరుతో రద్దు చేసింది. మహారాజ పోషణలో ఉన్న పురుషుల ఆట పక్కనే, ప్రపంచంలో ఉత్తమ క్రీడాకారిణి కాళ్ళ కింద క్లబ్బులు ఇలా కూలిపోతూ వచ్చాయి. 2019లో ఏ కంపెనీ గుర్తూ లేని నల్లబూట్ల మీద సమానత్వ చిహ్నం వేసుకుని ఆడి, ఆస్ట్రేలియాపై గోల్ కొట్టాక ఆ బూటు వైపు వేలు చూపించడం వెనక ఈ బాధంతా ఉంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం అనుకరణ రూపంలో వచ్చింది. ఎదురుగా ప్రత్యర్థి లేకుండా బంతి చుట్టూ కాళ్ళు తిప్పి, అరనిమిషం వీడియోలో పెట్టి, దానికి బ్రెజిల్ శైలి అని పేరు పెట్టడం ఇప్పుడు ఊరూరా వ్యాపారం. మార్తా వేసిన ప్రతి ఎత్తూ ఎదుటి మనిషి బరువు ఏ కాలి మీద ఉందో చదివి వేసినది. ఎదుటి మనిషే లేనిచోట ఆ విన్యాసానికి అర్థమే లేదు. మరోవైపు కొందరు శిక్షకులు పదేళ్ళ పిల్ల బంతి పట్టుకుని ముందుకు కదిలితే చాలు, రెండు తాకుళ్ళలో పాస్ ఇవ్వమని ఈల వేస్తారు. మొదటివారు విద్యను బొమ్మ చేస్తుంటే, రెండోవారు మొలకెత్తకముందే చిదిమేస్తున్నారు. కండబలం, పరుగు లెక్కలు కొలిచే యంత్రాలు ఎన్ని వచ్చినా, డిఫెండరు మనసులో ఒక క్షణం సందేహం పుట్టించే శక్తిని అవి పెంచలేవు.

ఈ మాట తెలుగువారికి దూరపు సంగతి కాదు. 2021 నవంబర్‌లో మనౌస్‌లో ఫోర్మిగా వీడ్కోలు మ్యాచ్ భారత జట్టుతోనే జరిగింది. బ్రెజిల్ 6–1తో గెలిచిన ఆ రోజున భారత్‌కు దక్కిన ఒక్క గోల్ మనీషా కల్యాణ్ కొట్టింది. 2025 జులైలో థాయిలాండ్‌ను దాని గడ్డ మీదే 2–1తో ఓడించి భారత మహిళలు ఆసియాకప్‌కు అర్హత సంపాదించారు. నిజామాబాద్ నుంచి వచ్చిన వింగర్, అంటే మైదానం అంచు వెంట దూసుకుపోయి దాడి చేసే క్రీడాకారిణి, గుగులోత్ సౌమ్య జాతీయ జట్టుకు ఆడుతోంది. వింగర్‌కు మార్తా విద్య కంటే మంచి పాఠ్యం మరొకటి లేదు. కనుక మన జిల్లాల శిక్షణ శిబిరాల్లో ఆమె పూర్తి మ్యాచ్‌లు ఆడపిల్లలకు చూపించాలి. రోజులో కొంతసేపైనా ఒకరికి ఒకరు ఎదురై బంతి కోసం తలపడే ఆట ఆడించాలి. బంతి పోగొట్టుకున్న పిల్లను తిట్టడం మానాలి. 2027 ప్రపంచకప్ బ్రెజిల్‌లో జరగబోతున్నందువల్ల ప్రపంచమంతా ఆ దేశపు ఆట వైపు చూస్తుంది. ఆ చూపు రంగురంగుల వీడియోల దగ్గర ఆగిపోకుండా విద్య దాకా వెళ్ళాలంటే, దాన్ని గుర్తుపట్టగల కళ్ళను ఇప్పటినుంచే తయారుచేసుకోవాలి. అంతటి విద్వాంసురాలికి కప్పు ఇవ్వలేకపోయిన ఆట, కనీసం ఆమె విద్యకు శిష్యులనైనా ఇచ్చి ఆ బాకీ తీర్చుకోవాలి.