విశ్వకిరణముల వేటలో చేతిఫోనులు

విశ్వకిరణములను పట్టుటకు పెద్ద పరిశోధనాలయమే కావలెనా, విద్యార్థి జేబులోని ఫోను చాలునా? పోలెండు దేశమున క్రాకో నగరమందలి అణుకేంద్ర భౌతికశాస్త్ర సంస్థలో 2016లో ఆరంభమైన ‘క్రెడో’ పథకము ఈ ప్రశ్నకు ‘ఫోనులు కూడ పనికివచ్చును’ అని జవాబు చెప్పుచున్నది. ఆ జవాబు ఎంతవరకు నిజమో పరిశీలింపదగియున్నది.

విశ్వకిరణముల ఉనికిని 1912లో విక్టర్ హెస్ బెలూనులో ఎగిరి కనుగొనెను. అంతరిక్షము నుండి వచ్చిన కణము వాయుమండలమును తాకినపుడు కొత్త కణముల జల్లు పుట్టును. అందలి మ్యూయానులు నేలను చేరును. సముద్రమట్టమున చదరపు సెంటీమీటరుకు నిమిషమునకు సుమారు ఒక మ్యూయాన్ పడుచుండును. ఫోను కెమెరాను వెలుతురు చొరకుండ మూసియుంచినచో, అందలి గ్రాహక ఫలకమును తాకిన కణము నల్లని చిత్రముపై చుక్కగానో గీతగానో కనబడును. ఆ చిత్రము, కాలము, స్థలము కేంద్రమునకు చేరును.

పథకపు ఆశయము గొప్పది. ఒకే మూలమునుండి వచ్చిన కణములు వేల కిలోమీటర్ల దూరమున ఒకేసారి జల్లులు కురిపించునా అని వెదకుటకు భూగోళమంతట పరికరములుండవలెను. అట్టి విస్తృతిని ఏ ఒక్క పరిశోధనాలయమును ఈయలేదు.

అయితే లోపములును కలవు. మొదటిది, పరిమాణము. అర్జెంటీనాలోని పియరె ఓజే పరిశోధనాలయమున 3,000 చదరపు కిలోమీటర్ల మేర సుమారు 1,600 నీటితొట్లు కలవు. ఒక్కొక్క తొట్టి వైశాల్యము సుమారు 10 చదరపు మీటర్లు. ఫోను ఫలకము చదరపు సెంటీమీటరులో ఐదవవంతు అనుకొన్నచో, ఒక్క తొట్టికి సమానమగుటకు ఐదు లక్షల ఫోనులు కావలెను! రెండవది, భ్రమ. సందులోనుండి దూరిన వెలుతురు, ఫలకము వేడెక్కుట, పరిసరములందలి రేడియోధార్మికత కూడ చుక్కలు పుట్టించును. మూడవది, యాదృచ్ఛికత. పదివేల ఫోనులు గంటకొక్కొక్క గుర్తు పంపినవనుకొందము. అపుడు ప్రతి సెకనుకు సగటున మూడు గుర్తులు ఏ సంబంధము లేకయే కలిసిపడును. కావున ‘ఒకేసారి వచ్చినవి’ అనుట ఒక్కటే రుజువు కానేరదు.

ఈ లోపములలో కొన్నిటిని నిర్వాహకులు గుర్తించి, చిత్రములను చుక్కలు, గీతలు, వంకరగీతలు, కృత్రిమములు అని యంత్రముచే వేరుపరచు పద్ధతులను రూపొందించిరి. ఇది మెచ్చదగినదే. కాని ఫలకములోనికి వచ్చిన గుర్తును వడబోయుటయే చాలదు. ఏ ఫోను ఎంతసేపు మేలుకొని, ఏమియు చూడకుండెనో కూడ తెలియవలెను. సున్నను లెక్కింపని లెక్క లెక్క కాదు.

కనుక ఫోను నీటితొట్టికి ప్రత్యామ్నాయము కాదు, తోడు మాత్రమే. అయినను తరగతిగదిలో దానికొక ప్రత్యేక స్థానము కలదు. ఒక చుక్కను చూచిన విద్యార్థి ‘కణము దొరికినది!’ అని కేక వేయుటకు ముందు, ‘అది కణమే అని ఎట్లు చెప్పగలను?’ అని తనను తాను ప్రశ్నించుకొనినచో, ఉపాధ్యాయుని శ్రమ ఫలించినట్లే.