కర్ర ఎవరి చేతిలో ఉంది?

మా కాలనీ పుత్తూరుకు దగ్గర్లోనే ఉంది. నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం జీపు దిగి నలుగురొచ్చారు. వేపచెట్టు కింద నేల ఊడ్పించి, ముగ్గుపిండి, ఇటుకపొడి చేతికిచ్చి, "మీ కాలనీని మీరే గీయండి" అన్నారు. మగవాళ్లు వెనకాడితే మా అవ్వ ముందుకొచ్చింది. చెరువు, దాని కింద రైతుల మళ్లు, ఎలుకలు పట్టే గట్లు, కట్టెలకు పోయే కొండదారి, మందాకులు దొరికే వంక, మా పెద్దల్ని పూడ్చిన చోటు, అన్నీ గీసింది. పొద్దుగూకేసరికి వచ్చినవాళ్లు ఆ పటాన్ని చార్టు మీదికి ఎక్కించుకొని, చుట్టచుట్టి జీపులో పెట్టుకుపోయారు. రాత్రి గాలికి నేల మీది పటం చెరిగిపోయింది. చార్టు మీది పటం ఎక్కడుందో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ముగ్గు వెనక ఒక ప్రొఫెసరు ఉన్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆయన పేరు రాబర్ట్ చేంబర్స్. అభివృద్ధి అధ్యయనాల్లో ప్రపంచమంతా ఎరిగిన పేరు. మన కాలనీల్లోకి వచ్చే సర్వేల్లో, శిక్షణల్లో ఆయన నీడ కనిపిస్తుంది. కాబట్టి ఆయన ఏం చెప్పాడో, అది మన దగ్గరికి వచ్చేసరికి ఏమైందో మనమే తూచి చూసుకోవాలి.

చేంబర్స్ 1932లో ఇంగ్లండులో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, 1958లో కెన్యాకు బ్రిటిష్ వలస ప్రభుత్వ అధికారిగా వెళ్లాడు. అంటే ఆయన జీవితం పాలించేవాళ్ల కుర్చీలోంచే మొదలైంది. తర్వాత పరిశోధన వైపు మళ్లి, ససెక్స్‌లోని అభివృద్ధి అధ్యయన సంస్థలో దశాబ్దాలు పనిచేశాడు. 1970లలో కేంబ్రిడ్జి, మద్రాసు విశ్వవిద్యాలయాలు కలిసి చేసిన పరిశోధనలో భాగంగా ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల్లో తిరిగాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మన పుత్తూరు ప్రాంతం కూడా ఉత్తర ఆర్కాటులోదే. ఆయన చూసిన వరిమళ్లు మనకు పరాయివి కావు.

1983లో వచ్చిన 'రూరల్ డెవలప్‌మెంట్: పుటింగ్ ది లాస్ట్ ఫస్ట్' ఆయనకు పేరు తెచ్చిన పుస్తకం. పట్నం నుంచి వచ్చేవాళ్ల కంటికి పేదరికం ఎందుకు ఆనదో అందులో విప్పి చెప్పాడు. వాళ్లు తారురోడ్డు పక్కనే చూస్తారు. పథకం నడిచే ఊరికే పోతారు. పెద్దలతో, మగవాళ్లతో, మాట్లాడగలిగినవాళ్లతోనే మాట్లాడతారు. ఎండ కాసే రోజుల్లోనే వస్తారు. మర్యాదకు పోయి ఇబ్బందైన ప్రశ్నలు అడగరు. తమ చదువు నేర్పిందే వెతుకుతారు. మన కాలనీలను తలుచుకోండి. చాలావరకు ఊరికి అవతల, చెరువు కట్ట వెనకో, వంక ఒడ్డునో ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుఫాను వానలకు కూలి ఆగిపోయి, కప్పు కారి, పొయ్యి తడిసిన రోజున ఎంతమంది అధికారులు బురద తొక్కుకుంటూ వచ్చారు? ఈ మాటలు మనకు కొత్త కాదు. అయితే ఒక ప్రొఫెసరు తన జాతి తప్పును తానే పట్టి చూపడం కొత్త.

1989 నుంచి 1991 దాకా ఆయన హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నాడు. ఆ కాలంలోనే మైరాడ లాంటి సంస్థల కార్యకర్తలు పల్లెల్లో కొత్త పద్ధతులు పరీక్షిస్తున్నారు. ఫారాలు నింపడానికి బదులు జనమే నేల మీద పటం గీయడం, గింజలు పేర్చి ఏ నెలలో పని ఉంటుందో, ఏ నెలలో ఆకలి ఉంటుందో చూపడం అందులో భాగాలు. దీన్నే పీఆర్ఏ అన్నారు. ఇది తన ఒక్కడి సృష్టి అని ఆయన చెప్పుకోలేదు. క్షేత్రంలో పనిచేసేవాళ్ల నుంచి నేర్చుకొని ప్రపంచానికి చాటాడు. ఆయన ముఖ్యంగా చెప్పింది ఒకటే: కర్ర జనం చేతికివ్వండి, మీరు పక్కన కూర్చోండి.

ఇందులో నిజమైన బలం ఉంది. కాగితం మీద రాసింది చదువుకున్నవాడికే తెలుస్తుంది. నేల మీద గీసింది అందరికీ కనిపిస్తుంది. తప్పుంటే అక్షరం రాని ముసలమ్మ కూడా కాలితో చెరిపి దిద్దగలదు. మా అవ్వ ఆరోజు చేసింది అదే. ఆమె జీవితంలో చదువుకున్నవాళ్లు నోరు మూసుకొని వినడం నేను చూసింది ఆ ఒక్కపూటే.

అడవి, నీళ్ల విషయంలోనూ చేంబర్స్ గట్టి మాటే చెప్పాడు. ఎన్.సి. సక్సేనా, తుషార్ షాతో కలిసి 1989లో 'టు ది హ్యాండ్స్ ఆఫ్ ది పూర్: వాటర్ అండ్ ట్రీస్' రాశాడు. చెట్టు పేదవాడికి బ్యాంకు లాంటిది, కష్టకాలంలో నరికి అమ్ముకొనే హక్కు అతనికే ఉండాలి అన్నది అందులోని వాదం. మంచి వాదమే. కానీ పాదు తీసే జాగా కూడా లేనివాళ్ల సంగతేమిటి? చెట్టుకు ధర పెరిగేకొద్దీ పేదవాడికి దక్కేది గొడ్డలి కూలే అయితే ఏం చేయాలి? 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పులకు 20 మంది చనిపోయారు. వాళ్లలో జవ్వాది కొండల గిరిజనులున్నారు. ఆ కొండలు ఒకప్పటి ఉత్తర ఆర్కాటులోవే. ఎర్రచందనం విలువంతా ఎక్కడికో పోయింది, శవాలు మాత్రం ఆ కొండపల్లెలకు చేరాయి. చెట్టు ఎవరిదన్న ప్రశ్నతో పాటు బజారు ఎవరిదన్న ప్రశ్న కూడా అడగాలి.

చేంబర్స్ పద్ధతిలో నాకు కనిపించే పెద్ద లోటు అధికారం సంగతి. కర్ర చేతికిచ్చినంత మాత్రాన భయం పోదు. అప్పిచ్చిన ఆసామి ఎదురుగా నిలబడి ఉంటే, చెరువు పోరంబోకును ఆయనే కలుపుకున్నాడని ఏ యానాది కర్రతో చూపిస్తాడు? 2001లో బిల్ కుక్, ఉమా కొఠారి సంపాదకత్వంలో వచ్చిన ఒక పుస్తకం 'భాగస్వామ్యం' కొత్త దౌర్జన్యంగా మారుతోందా అని సూటిగా అడిగింది. బంగ్లాదేశ్‌లో కమల్ కర్ మొదలుపెట్టిన పారిశుద్ధ్య పద్ధతిని చేంబర్స్ గట్టిగా సమర్థించాడు. అందులో ఊరివాళ్లకు తమ మలవిసర్జన చోట్లను చూపించి సిగ్గు పుట్టిస్తారు. ఇంటి పట్టా లేనివాడు మరుగుదొడ్డి ఎక్కడ కట్టుకోవాలి? తరతరాలుగా అవమానం మోసిన జనానికి ఇంకో సిగ్గు నేర్పడం నేను ఒప్పుకోలేను.

ఆయనకు దక్కాల్సిన గౌరవం కూడా ఇవ్వాలి. 2017లో వచ్చిన 'కెన్ వుయ్ నో బెటర్?'లో అభివృద్ధి రంగం చేసిన తప్పుల గురించే మొదట మాట్లాడాడు. తప్పును దాచకుండా దాన్నుంచి నేర్చుకోవాలన్న గుణం మన ఉపాధ్యాయులూ పిల్లలకు నేర్పదగినదే.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. పుత్తూరు కట్టు ఎక్కడెక్కడివాళ్లకో తెలుసు. ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి విరిగిన ఎముకను నిలబెడతారు. ఆ విద్య నిలబడింది ఎందుకు? అది చేసేవాళ్ల చేతిలోనే, వాళ్ల ఊరిలోనే ఉండిపోయింది. కావలసినవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. మన అవ్వలకు తెలిసిన ఆకులు, పాములు, అడవి దారులు మాత్రం ఎవరి చార్టులోనో ఎక్కి వెళ్లిపోయాయి. తేడా తెలివిలో లేదు. విద్యను ఎవరు దగ్గర పెట్టుకున్నారన్న దాంట్లో ఉంది.

అందుకే పద్ధతిని పారేయమని నేను చెప్పను. పటం మన దగ్గరే ఉంచుకుందాం అంటాను. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితం కాదు, అడవి మీద ఆధారపడి బతికే మన జిల్లా గిరిజనులకూ వర్తిస్తుంది. దాని నిబంధనల ప్రకారం హక్కు కోరేటప్పుడు కనీసం రెండు ఆధారాలు చూపాలి. హక్కుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ ఆధారమే. బావులు, శ్మశానాలు, పూజాస్థలాలు కూడా ఆధారాలే. మా అవ్వ ముగ్గుపిండితో గీసినవి సరిగ్గా ఇవే. ఆ పటం మా దగ్గర ఉండి ఉంటే గ్రామసభ ముందు పెట్టేవాళ్లం.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. పిల్లల్ని ముసలివాళ్ల దగ్గరికి పంపండి. పటం గీయించండి. తేదీ వేయించండి, చెప్పినవాళ్ల వేలిముద్రలు తీసుకోండి. అడిగినవాళ్లకు నకలు ఇవ్వండి, అసలు ఇవ్వొద్దు. పోయిన వేసవిలో మా కాలనీ పిల్లలు మళ్లీ గీశారు. అవ్వ లేదు. వంక పేరు ఒకటి ఎవరికీ గుర్తు రాలేదు, అక్కడ ఖాళీ వదిలాం. ఆ పటం ఇప్పుడు మా ఇంటి ఇనప్పెట్టెలో ఉంది.